యాది తప్పే వయసు: జన్యువుల వాటా ఎంత?

సంతకు పోయిన పెద్దాయన ఇంటిదారి మరిచిపోతాడు. పొద్దున తిన్న సంగతి మాపటికి గుర్తులేక, తనకు బువ్వ పెట్టలేదని ముసలమ్మ కోడలి మీద అలుగుతుంది. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంటివాళ్లు ముందు అనుకునేది వయసు మీద పడ్డదనే. కాసేపటికి ఇంకో మాట కూడా వస్తుంది: వాళ్ల నాయనకూ ఇట్లనే అయింది. అంటే ఇది వంశంలోనే ఉందని. వైద్యశాస్త్రం నూరేళ్లకు పైగా తర్కిస్తున్న విషయం సరిగ్గా ఈ రెండు మాటల మధ్యే ఉంది. డిమెన్షియా వయసు తెచ్చేదా, వంశం తెచ్చేదా, మనిషి బతికిన బతుకు తెచ్చేదా?

గత ముప్పై ఏళ్లలో జన్యుశాస్త్రం ఈ ప్రశ్నకు చాలా జవాబులు ఇచ్చింది. అందులో ఎక్కువ భాగం ఐరోపా మూలాలున్న జనాల రక్త నమూనాల నుంచి వచ్చినవే. 2016, 2019 విభజనలతో ప్రధానంగా ఎనిమిది జిల్లాలైన పాత నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు ఆ జవాబులు ఎంతవరకు అతుకుతాయన్నదే ఈ సమీక్ష విషయం. జన్యువు బలం ఎక్కడికక్కడ మారుతుంది. పిట్స్‌బర్గ్‌లో కొలిచిన ప్రమాదాన్ని తెచ్చి దేవరకొండ మనిషి నెత్తిన పెట్టడానికి ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు ఒప్పుకోవు.

వయసు గుణం నుంచి వ్యాధి దాకా

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ వివరించిన రోగి ఆగుస్టె డీటర్ ఆసుపత్రిలో చేరేనాటికి ఇంకా యాభై ఒక్క ఏళ్ల మనిషే. అందుకే డిమెన్షియాలో ప్రధాన రకమైన అల్జీమర్స్ అంటే దశాబ్దాల తరబడి నడివయసులో వచ్చే అరుదైన జబ్బుగానే లెక్క. ముసలితనపు మతిమరుపు వేరు, అది సహజం అనుకున్నారు. 1976లో అమెరికన్ నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ గోడ కూల్చాడు. రెండింటిలో మెదడు మార్పులు ఒకటే కాబట్టి రెండూ ఒకే వ్యాధి అన్నాడు. ఆ ఒక్క మాటతో అరుదైన జబ్బు కాస్తా కోట్లమంది జబ్బు అయింది.

1984లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ ప్రొటీన్‌ను గుర్తించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి నలభై దాటేసరికి మెదడులో ఇదే కనిపిస్తుంది. వాళ్లకు 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులు ఉంటాయి. ఆ దారి పట్టుకుని 1991లో 21వ క్రోమోజోమ్ మీద ఏపీపీ జన్యువులో మార్పును, 1995లో ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 జన్యువుల్లో మార్పులను కనిపెట్టారు. ఇవి నిజంగా వంశపారంపర్యం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో సగంమందికి వచ్చే అవకాశం ఉంటుంది, చాలామందికి అరవై లోపే జబ్బు మొదలవుతుంది. కానీ మొత్తం అల్జీమర్స్ రోగుల్లో ఇలాంటివారు నూటికి ఒకరు కూడా ఉండరు. డెబ్బై దాటాక మతి తప్పిన తాతను చూసి మనవడు భయపడాల్సింది ఈ జన్యువుల గురించి కాదు.

వృద్ధాప్యంలో వచ్చే రకానికి సంబంధించిన ప్రధాన జన్యువు 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందానికి దొరికింది. 19వ క్రోమోజోమ్ మీద ఉండే అపో-ఈ అది. కొవ్వును మోసే ప్రొటీన్‌ను తయారుచేయడం దాని పని. దానికి ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలు. ఎక్కువమందిలో ఉండేది ఈ3. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక ఈ4 వస్తే ఐరోపా జనాల్లో ప్రమాదం సుమారు మూడింతలు అవుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎనిమిది నుంచి పన్నెండింతలు. ఈ2 కొంత కాపు కాస్తుంది. ఆ తర్వాత 2012లో మెదడులోని రోగనిరోధక కణాలకు చెందిన ట్రెమ్2 జన్యువు బయటపడింది. 2022 నాటి ఒక పెద్ద అధ్యయనం ప్రమాదంతో ముడిపడిన 75 జన్యుస్థానాలను చూపింది. వాటిలో చాలావాటి ప్రభావం ఒక్కొక్కటిగా చూస్తే స్వల్పమే.

మూడు వాదాలు

మొదటి వాదానికి జన్యువే కేంద్రం. స్వీడన్ కవలలపై 2006లో వచ్చిన అధ్యయనం అల్జీమర్స్‌లో వారసత్వ వాటాను 58 నుంచి 79 శాతంగా లెక్కగట్టింది. 2024లో స్పెయిన్ పరిశోధకుల బృందం ఇంకో అడుగు ముందుకేసింది. రెండు ఈ4లు ఉన్నవారిలో 65 ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరికీ అమైలాయిడ్ అసాధారణ స్థాయిలో కనిపిస్తోంది కాబట్టి, దాన్ని ప్రమాద కారకం అనడం మాని ప్రత్యేక జన్యువ్యాధిగానే చూడాలని ప్రతిపాదించింది.

రెండో వాదం జీవన పరిస్థితులది. లాన్సెట్ కమిషన్ 2017లో, 2020లో, 2024లో ఇచ్చిన నివేదికల్లో మార్చగలిగిన కారణాల జాబితా పెరుగుతూ వచ్చింది. 2024 నాటికి అవి 14. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, రక్తపోటు, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, తలకు దెబ్బ, దిగులు, ఒంటరితనం, కదలిక లేని బతుకు, ఊబకాయం, గాలి కాలుష్యం. వీటన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చని ఆ అంచనా. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. మిగిలిన 55 శాతం జన్యువులదని చాలామంది రాసేస్తున్నారు. కమిషన్ ఆ మాట అనలేదు. ఒకే రోగిలో జన్యువూ రక్తపోటూ కలిసి పనిచేస్తాయి కాబట్టి ఈ శాతాలను పొలం గట్లలా విడగొట్టడం కుదరదు.

మూడో వాదం ఈ రెండింటినీ కలిపి చూస్తుంది. నైజీరియాలోని ఇబాదాన్‌లో యొరుబా వృద్ధులనూ, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఆఫ్రికన్ అమెరికన్ వృద్ధులనూ ఏళ్ల తరబడి పరిశీలించారు. యొరుబాల్లో ఈ4 ప్రభావం చాలా బలహీనంగా కనిపించింది, డిమెన్షియా కూడా తక్కువే. బొలీవియా అడవుల్లోని చిమానే తెగపై 2017లో వచ్చిన పరిశీలన ఇంకా ఆశ్చర్యకరం. కడుపులో పరాన్నజీవుల బెడద ఎక్కువగా ఉన్నవారిలో ఈ4 ఉన్న పెద్దల ఆలోచనా శక్తి మెరుగ్గా ఉంది. ఒకచోట కీడు చేసే జన్యువు వేరే బతుకులో మేలూ చేయవచ్చన్నమాట.

మర్రిగూడ లాంటి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ మూడు వాదాలవాళ్లనూ పంపామనుకుందాం. మొదటివారు రక్త నమూనాలు తీసుకుంటారు. రెండోవారు బీపీ మిషన్, కంటి అద్దాలు, చెవి పరీక్ష అడుగుతారు. మూడోవారు రెండూ చేస్తూనే, ఆ మనిషి చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగాడో, బడికి పోయాడో లేదో రాసుకుంటారు. ఈ ప్రాంతానికి పనికొచ్చే పద్ధతి మూడోదే. స్వీడన్ కవలల లెక్కను కూడా ఆ పద్ధతిలోనే చదవాలి. వారసత్వ వాటా జబ్బుకు పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఆ జనాల పరిస్థితులను బట్టి వచ్చే లెక్క. అందరూ బడికి పోయి, అందరికీ ఒకే తీరు వైద్యం అందే దేశంలో మనిషికీ మనిషికీ తేడా తెచ్చేది ఎక్కువగా జన్యువులే. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే అడుగు. ఒకే ఇంట్లో అన్న బడికి పోతే చెల్లె పశువుల వెంట పోయిన చోట తేడాలు తెచ్చేవి వేరే చాలా ఉంటాయి. అక్కడ అదే జబ్బుకు వారసత్వ వాటా తక్కువగా తేలడం సహజం.

ఒక శాతమా, ఏడు శాతమా?

మన దేశంలో ఈ చర్చకు తొలి గట్టి ఆధారం హర్యానాలోని బల్లభ్‌గఢ్. అక్కడి పల్లెల్లో ఇండో–అమెరికన్ అధ్యయనం 55 ఏళ్లు దాటిన 5 వేలమందికి పైగా పెద్దలను పరీక్షించి 1998లో ఫలితం ప్రకటించింది. 65 దాటినవారిలో డిమెన్షియా 1.36 శాతమే. ఇది ప్రపంచంలోనే అతి తక్కువ లెక్కల్లో ఒకటి. 2000లో అదే బృందం జన్యువుల సంగతి బయటపెట్టింది. బల్లభ్‌గఢ్‌లో ఈ4 వాటా 7 శాతం, పోల్చి చూసిన పెన్సిల్వేనియా ప్రాంతంలో 11 శాతం. అయితే ఈ4 ఉన్నవారికి ప్రమాదం పెరిగే తీరు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. జన్యువు తక్కువమందిలో ఉండటం జబ్బు తక్కువ కావడానికి ఒక కారణం కావచ్చు, కానీ ఇంత పెద్ద తేడాకు అదొక్కటే చాలదు.

2023లో వచ్చిన లాసీ-డాడ్ జాతీయ అధ్యయనం బొమ్మనే మార్చేసింది. 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే దేశంలో సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. పట్నాల్లో కంటే పల్లెల్లో, మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. జన్యువుల వాటా పాతికేళ్లలో మారదు. మరి లెక్క ఎందుకు మారింది? బల్లభ్‌గఢ్‌లో రోజువారీ పనులు చెడిపోయాకే జబ్బుగా లెక్కవేశారు. పల్లెలో ముసలివాళ్ల పనులు ఇంటివాళ్లే అందుకుంటారు, చెడిపోయిన సంగతి బయటపడదు. జబ్బుపడినవారు తొందరగా చనిపోవడం వల్ల కూడా ఒక రోజున లెక్కించినప్పుడు తక్కువమంది కనిపిస్తారు. పైగా ఆ తర్వాత ఆయుష్షు పెరిగింది, షుగరు పెరిగింది.

పరీక్ష పద్ధతి కూడా చిన్న విషయం కాదు. పాశ్చాత్య పరీక్షలో ఒక వాక్యం రాయమంటారు, నూరు నుంచి ఏడు ఏడు తీసివేస్తూ పొమ్మంటారు. బడి మొహం చూడని నాగర్‌కర్నూల్ అవ్వ ఆ పరీక్షలో తప్పితే, ఆమె మెదడు చెడిందనా, పలక దొరకలేదనా? బల్లభ్‌గఢ్ బృందం హిందీలో చదువురానివారికి తగ్గట్టు పరీక్షను తిరగరాసింది ఇందుకే. భారత వైద్య పరిశోధన మండలి తర్వాత తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల పేటికను సిద్ధం చేయించింది. జన్యు పరిశోధనకు ఇది ప్రాణం లాంటిది. రోగి ఎవరో సరిగా తేలకుండా రోగి జన్యువులు చదివి లాభం లేదు. ఈ పునాది పని మీద పెట్టిన శ్రద్ధ జన్యు యంత్రాల మీద పెట్టినంత లేకపోవడం విచారకరం.

మేనరికం ఏం చేస్తుంది?

దక్షిణాదిలో మేనరికాలు, మేనమామ–మేనకోడలు పెళ్లిళ్లు పాత ఆచారం. ఈ జిల్లాల్లోనూ ఉంది. డిమెన్షియా చర్చలో దాని పాత్రను లెక్క వేసి చూడవచ్చు. బల్లభ్‌గఢ్‌లోలాగా ఈ4 వాటా 7 శాతం అనుకుందాం. చుట్టరికం లేని పెళ్లిళ్ల సంతానంలో రెండు ఈ4లు ఉన్నవారు వెయ్యికి సుమారు ఐదుగురు. మేనబావ–మరదళ్ల సంతానంలో తొమ్మిదిమంది. మేనమామ–మేనకోడళ్ల సంతానంలో పదమూడుమంది. అదే సమయంలో ఒక్క ఈ4 ఉన్నవారు వెయ్యికి 130 నుంచి 122కు, 114కు తగ్గుతారు. అంటే మేనరికం కొత్త ఈ4ను పుట్టించదు, ఉన్నదాన్ని కొందరి ఇళ్లలో జతచేస్తుంది. ఊరు మొత్తం మీద ప్రమాదం పెద్దగా మారకపోవచ్చు, కొన్ని ఇళ్ల మీద బరువు పెరుగుతుంది. మేనరికం వల్లే మతిమరుపు అని కొట్టిపారేసేవారూ, దానికీ దీనికీ సంబంధమే లేదనేవారూ ఈ లెక్కను ఒకసారి చూడాలి.

రెండు ప్రతులు ఉంటేనే పనిచేసే అరుదైన మార్పుల సంగతి వేరు. ఇజ్రాయెల్‌లోని వాదీ అరా అరబ్ పల్లెల్లో దగ్గరి చుట్టరికం పెళ్లిళ్లు ఎక్కువ. అక్కడ ఈ4 చాలా తక్కువైనా అల్జీమర్స్ ఎక్కువగా కనిపించింది. దాంతో వేరే జన్యువుల కోసం వెతుకులాట మొదలైంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్ భాగస్వామిగా 2017లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలించి, 81 సమూహాల్లో ఫిన్లాండ్ జనాల కంటే, అష్కెనాజీ యూదుల కంటే బలమైన మూలపురుష ప్రభావం ఉందని చూపింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న కులాల్లో అరుదైన మార్పులు తరచుగా కనిపిస్తాయని దీని అర్థం. తెలుగువారిలో వైశ్యులు ఇందుకు తెలిసిన ఉదాహరణ. మత్తుమందు తర్వాత కండరాలు తిరిగి పనిచేయడానికి ఆలస్యం చేసే బ్యూటిరిల్‌కోలినెస్టెరేస్ లోపం వారిలో ఎక్కువ. ఇదే ఎంజైమును అల్జీమర్స్ మందు రివాస్టిగ్మిన్ అడ్డుకుంటుంది. అందుకే మన సమూహాలను విడివిడిగా చదవడం కుల పట్టిక కోసం కాదు, మందు ఎవరికి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి.

నల్లగొండ నీళ్లు

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రశ్న ఫ్లోరైడ్. నల్లగొండ ఫ్లోరోసిస్‌పై 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన శుద్ధి పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేర్చి, వడగట్టడం. ఇక్కడే ఒక ముడి ఉంది. పటిక అంటే అల్యూమినియం. ఫ్లోరైడ్ దిగినా, పద్ధతి సరిగా సాగకపోతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది.

1932లో స్కాట్లాండ్‌లో బడిపిల్లలుగా తెలివి పరీక్ష రాసిన వారిలో సుమారు 7 వేలమందిని వృద్ధాప్యం దాకా అనుసరించిన అధ్యయనం, నీళ్లలో అల్యూమినియం, ఫ్లోరైడ్‌లలో ఏది ఎక్కువైనా డిమెన్షియా ప్రమాదం ఎక్కువగా కనిపించిందని ఇటీవల తెలిపింది. అక్కడి స్థాయులు మన బావుల స్థాయులతో పోలిస్తే చాలా తక్కువ. కానీ అది ప్రాంతాల సగటు నీళ్లను బట్టి వేసిన లెక్క, కారణమని రుజువు చేసేది కాదు. 2024లో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల తెలివితేటలు తగ్గడానికీ సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పింది. పెద్దల విషయంలో తేల్చడానికి ఆధారాలు చాలవంది.

2016 నుంచి మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. కానీ ఇప్పుడు డెబ్బై ఏళ్లున్నవారు బాల్యమంతా బావి, బోరు నీళ్లే తాగారు. ఫ్లోరోసిస్‌తో ఎముకలు గట్టిపడి, వెన్ను వంగి, గడప దాటలేని మనిషికి కదలికా ఉండదు, నలుగురితో మాటా ఉండదు. ఆ రెండూ లాన్సెట్ జాబితాలో ఉన్నవే. ఫ్లోరైడ్ నేరుగా మెదడును తాకినా తాకకపోయినా ఈ దారిలో తాకుతుంది. ఆ పల్లెల్లో ఈ4 ఉన్నవారినీ లేనివారినీ పోల్చి చూస్తే మూడో వాదానికి ప్రపంచంలో ఎక్కడా దొరకని పరీక్ష ఇక్కడే దొరుకుతుంది. ఇంతకాలం నీళ్ల వల్ల బాధపడ్డవాళ్లకు ఆ మాత్రం పరిశోధన బాకీ ఉంది.

భాష, కల్లు

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ తేడా కనిపించింది. తెలుగుతో పాటు ఉర్దూ వచ్చిన గద్వాల దుకాణదారు, కన్నడం వచ్చిన నారాయణపేట నేతగాడు, బొంబాయి వలసలో హిందీ, మరాఠీ నేర్చిన పాలమూరు కూలీ అందరికీ ఈ ఫలితం ముఖ్యమైనదే. కానీ ఇది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి అనుసరించిన అధ్యయనాలను 2017లో కలిపి చూసినప్పుడు ఇలాంటి రక్షణ కనిపించలేదు. వివాదం ఇంకా సాగుతోంది.

కల్లు సంగతి పరిశోధనా పత్రాల్లో తక్కువ, ఊళ్లో ఎక్కువ. డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు ఈ జిల్లాల్లో పాత గోడు. ఏళ్ల తరబడి తాగినవాడి మందకొడితనం, మరుపు చూస్తే డిమెన్షియా అనే భ్రమ కలుగుతుంది. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం కూడా అంతే. ఇవి సరిచేయగలిగినవి. తాతకూ మనవడికీ ఒకే కల్లు దుకాణమైతే అది వంశపారంపర్యంలా కనిపిస్తుంది. కుటుంబ చరిత్ర రాసుకునే డాక్టరు ఈ ప్రశ్న అడగకపోతే జన్యువుకు అన్యాయంగా నేరం అంటుతుంది.

తేలనివి, తేల్చగలిగినవి

దారులు మూసుకుపోయి లేవు. దేశవ్యాప్త జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేలమంది జన్యుక్రమాలను చదివి, 2025లో పరిశోధకులకు అందుబాటులో పెట్టింది. లాసీ-డాడ్ వృద్ధుల్లో 2,700మందికి పైగా పూర్తి జన్యుక్రమాలు సిద్ధమయ్యాయి. బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, తెలుగూ కన్నడమూ రెండూ వినిపించే చోట, 45 దాటినవారిని ఏళ్ల తరబడి అనుసరిస్తోంది. మన జిల్లాల పక్కనే రంగారెడ్డి పల్లెల్లో 1987లో తల్లీపిల్లల పోషకాహార పరీక్షతో మొదలైన అధ్యయనం ఇంకా నడుస్తోంది. బీబీనగర్‌లో ఎయిమ్స్, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. శ్రీనివాసపుర తరహా పని మునుగోడులోనో మక్తల్‌లోనో మొదలుపెట్టడానికి మనుషులున్నారు, చోటుంది.

తేలాల్సినవి ప్రధానంగా మూడు. ఈ4 ప్రమాదం మన పల్లెల్లో ఎన్నింతలు? ఐరోపా లెక్కలతో కట్టిన జన్యు మార్కుల పట్టీలు ఇక్కడ ఎంతవరకు పనిచేస్తాయి? మన సమూహాలకే ప్రత్యేకమైన మార్పులు ఉన్నాయా? కొలంబియాలో ప్రెసెనిలిన్ మార్పు ఉండి కూడా దశాబ్దాలపాటు జబ్బు పడని ఒక మహిళలో క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన అపో-ఈ మార్పు 2019లో బయటపడింది. ఒక్క కుటుంబాన్ని ఓపికగా చదివితే దొరికిన రక్షణ అది. అలాంటి ఓపికకు మన ఇళ్లు కూడా అర్హమైనవే.

పరీక్ష చేయించుకోవాలా అన్నది ఇళ్లలో వచ్చే ప్రశ్న. లక్షణాలు లేని మనిషికి ఈ4 పరీక్షతో ఇప్పుడు ఒరిగేది తక్కువ. ఈ4 ఉన్న చాలామందికి జబ్బు రాదు, లేని చాలామందికి వస్తుంది. అమైలాయిడ్‌ను తొలగించే లెకనెమాబ్ లాంటి మందు వాడే ముందు మాత్రం దీనికి విలువ ఉంది. రెండు ఈ4లు ఉన్నవారిలో ఆ మందుతో మెదడు వాపు, రక్తస్రావం ఎక్కువ. నలభైల్లో, యాభైల్లో వరుసగా రెండు తరాలకు జబ్బు వచ్చిన ఇంట్లో ప్రెసెనిలిన్ పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడటం సబబు.

మన దగ్గర ఈ మాటకు ఇంకో పొర ఉంది. మేనమామను చేసుకున్న ఇంట్లో భార్య రక్తపరీక్ష ఫలితం భర్త గురించి, అత్త గురించి, పిల్లలందరి గురించి కూడా చెబుతుంది. అత్త అంటే ఆమెకు అమ్మమ్మ కూడా. అందుకని అనుమతి పత్రం మీద ఒక్కరి వేలిముద్ర తీసుకుంటే సరిపోదు. ఇంట్లో ఎవరెవరికి ఫలితం తెలియాలి, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అది బయటికి పొక్కకుండా ఎలా కాపాడాలి, తెలుసుకోవడం ఇష్టంలేని అన్నకు చెల్లెలి కాగితం చూపకుండా ఎలా ఉండాలి అన్నవి నమూనా తీసే ముందే, ఇంటివాళ్లు మాట్లాడే తెలుగులో, కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి.